తొమ్మిదో గంట గుమ్మం

“అక్కా, సూది దిగట్లేదు.”

ఇంటర్‌కమ్‌లో తమ్ముడి గొంతు. వెనకాల సైరన్.

“ఎంతలో ఉందిరా?”

“నూట నలభై ఐదు. నీళ్ళ వాల్వు మొత్తం తిప్పేశా. అయినా ఎక్కుతూనే ఉంది. బావకి చేస్తుంటే ఎత్తట్లేదు.”

నూట నలభై దాటకూడదు. ఆ అంకె మూడో నంబరు రియాక్టర్ మూత మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. గోడ గడియారం చూశాను. రెండూ ముప్ఫై రెండు. పొద్దున ఆరింటికి మొదలైన బ్యాచ్ అది.

“రెండింటికే దించెయ్యాలి కదరా! ఎనిమిది గంటలేగా?”

“ఎనిమిదేంటి? కార్డు మీద తొమ్మిదని ఉంది. వెనకాల నీ లెక్క కూడా ఉంది.”

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఎనిమిది గంటల బ్యాచ్‌కి నేను లెక్క కట్టాను, సంతకం పెట్టాను. తొమ్మిదికి నేను ఏ లెక్కా కట్టలేదు. తొమ్మిదో గంటకి ఆ జిగురు ఎంత కాగుతుందో నోటితో కట్టుకోవడానికి నాలుగు సెకన్లు పట్టింది. నూట డెబ్భై ఒకటి.

“ఒరేయ్, అన్నీ వదిలేసి పరిగెత్తు. ఇప్పుడే.”

“రేడియో బాబాయ్ పైన మెట్ల మీద ఉన్నాడు.”

“కేకెయ్యి!”

“రేడియో మాట్లాడుతుంది గానీ వింటుందా అక్కా? ఆయనకి సైరనే వినబడలేదు. ఎళ్ళి లాక్కొస్తా. నువ్వు లైను పెట్టెయ్.”

“ఒరేయ్...”

రిసీవర్ వేలాడుతూ గోడకి కొట్టుకుంటున్న చప్పుడు. ఇనప మెట్ల మీద బూట్లు. తర్వాత చాలాసేపు సైరన్ ఒక్కటే. రెండూ ముప్ఫై ఆరుకి లెక్కల గది కిటికీ అద్దాలు మొత్తం నా ఒళ్ళో పడ్డాయి.

*

మాది ప్లైవుడ్ జిగురు ఫ్యాక్టరీ. ఆ రోజు మూడో నంబరు మూత లేచి, పైకప్పు చీల్చుకుని, సైకిల్ స్టాండ్ దగ్గర పడింది. రేడియో బాబాయ్ అని మేం పిలిచే మేస్త్రీ అక్కడికక్కడే పోయాడు. ముప్ఫై ఏళ్ళుగా నోరు మూయని మనిషి. తమ్ముడు ఆయన్ని సగం మెట్ల దాకా లాక్కొచ్చాడట. అక్కడ కాగిన జిగురు ఇద్దరి మీదా పడింది.

ఆసుపత్రి వరండాలో డాక్టరు చెప్పింది: “డెబ్భై శాతం కాలింది. గొంతు కూడా దెబ్బతింది. మాట రాదు. మూడు రోజులు గడవాలి.”

అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఆ మూడు రోజుల్నీ వేళ్ళ మీద లెక్క పెట్టడం మొదలుపెట్టింది. మా ఆయన నా జుట్టులోంచి అద్దం ముక్కలు ఒక్కొక్కటే తీసి కాయితంలో పొట్లం కడుతున్నాడు. ఆయన మా ఫ్యాక్టరీలోనే షిఫ్ట్ ఇన్‌ఛార్జి. తమ్ముడికి బావే కాదు, పై అధికారి కూడా. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. ఎవరి వేళ్ళయినా వణుకుతాయి అనుకున్నాను.

సాయంత్రం జనరల్ మేనేజరు వచ్చాడు. వెనకాల అందరూ అతన్ని ఇస్త్రీ అంటారు. రియాక్టర్ పేలిన రోజు కూడా చొక్కా చేతుల మడత కత్తిలా ఉంది.

“చాలా బాధగా ఉందమ్మా,” అన్నాడు. “కానీ ఒకటి ముందే చెప్పడం మంచిది. ఫైలు చూశాం. కార్డు మీద ఎనిమిది గంటలని ఉంది. మీ సంతకమే. మీ తప్పేం లేదు. మీవాడు నిద్రపోయాడు.”

“ఏమన్నారు?”

“రెండింటికి దించాల్సింది రెండూ ముప్ఫై ఆరు దాకా దించలేదు. మెలకువగా ఉన్నవాడు చేసే పనేనా?”

“కార్డు మీద తొమ్మిదని ఉందని వాడు నాతో అన్నాడు.”

“ఎవరు విన్నారు?”

“నేను విన్నాను.”

“అక్క విన్నది కాకుండా?”

 ఇస్త్రీ మా ఆయన భుజం మీద చెయ్యేసి, “చూసుకోవయ్యా,” అని వెళ్ళిపోయాడు. నన్ను చూసుకోమన్నాడా, వ్యవహారం చూసుకోమన్నాడా అన్నది అప్పుడు తట్టలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా తమ్ముడు ఇంకా చావనేలేదు, వాడి కళ్ళకి నిద్ర అంటగట్టేశారు. రేడియో బాబాయ్ భార్య అప్పుడే మా అమ్మ దగ్గరికొచ్చి, “నీ కొడుకు కునుకు తీస్తే నా మొగుడు పోయాడే,” అని దండం పెట్టి మరీ తిట్టి వెళ్ళింది. అమ్మ రోజులు లెక్క పెట్టిన వేళ్ళని పిడికిలిలో దాచుకుంది.

*

మా ఫ్యాక్టరీలో ఒక నియమం ఉంది. లెక్క లేని కార్డు చెల్లదు. బ్యాచ్ ఎన్ని గంటలు కాగాలో కార్డు ముందువైపు ఉంటుంది. అన్ని గంటల్లో అది ఎంత దాకా వేడెక్కుతుందో తేల్చిన లెక్క వెనకవైపు ఉండాలి. వెనక ఖాళీగా ఉంటే ఆపరేటర్ ఆ కార్డు తిప్పికొట్టొచ్చు. పదేళ్ళ క్రితం ఒక పేలుడు తర్వాత పెట్టిన నియమం. ఆ లెక్కలు కట్టేది నేను.

మర్నాడు పొద్దున ఫైలు తీయించి చూశాను. ఎనిమిది గంటల కార్డు. వెనక నా చేతిరాత. ఒక్క దిద్దుబాటు లేదు. అయితే తమ్ముడు చూసిన “నీ లెక్క” ఏది?

అద్దాలు లేని గదిలో కూర్చుని మళ్ళీ మొదట్నించీ కట్టాను. మూడో నంబరు సూత్రం నాకు నిద్రలో అడిగినా గుర్తే: గంటల ఘనం, అందులోంచి గంటల వర్గానికి పన్నెండు రెట్లు తీసెయ్, గంటలకి ముప్ఫై ఆరు రెట్లు కలుపు, తొంభై కలుపు. వచ్చేది డిగ్రీలు.

ఇలాంటి లెక్క నాకు నేర్పింది నాన్న. ఆయన పద్ధతిలో చిటికెలో తేలుతుంది. ఏ కొండకైనా శిఖరం మీద ఒక్క అడుగు మేర నేల చదునుగా ఉంటుంది. గుంట అడుగున కూడా అంతే. కాబట్టి వాలు సున్నా అయ్యే చోట్లు వెతుకు. మూడో నంబరుకి అవి రెండు: రెండో గంట, ఆరో గంట. ఏది కొండ, ఏది గుంట? ఇంకోసారి అవకలనం చెయ్యి, అంటే ఆ వాలు ఎటు మారుతోందో చూడు. రుణం వస్తే కొండ, ధనం వస్తే గుంట. రెండో గంట దగ్గర మైనస్ పన్నెండు, కొండ. ఆరో గంట దగ్గర ప్లస్ పన్నెండు, గుంట. కొండకి పైన చిన్న టోపీ గియ్యి, గుంటకి కింద చిన్న గిన్నె గియ్యి, మర్చిపోవు, అనేవాడు నాన్న. నలభై ఏళ్ళొచ్చినా నేను టోపీలూ గిన్నెలూ గీస్తూనే ఉన్నాను. లెక్కల గదిలో నా మీద జోకులకి ఇదే సరుకు.

కొండ ఎత్తు నూట ఇరవై రెండు. గుంట లోతు తొంభై. ప్రమాదం నూట నలభై. ఇంతవరకూ చూసి పెన్సిలు పడేసినవాడు హాయిగా నిద్రపోతాడు.

నాన్న పడేయనిచ్చేవాడు కాదు. “కొండ చూశావు, గుంట చూశావు. గుమ్మాలు చూశావా?” అని నెత్తిన మొట్టేవాడు. బయల్దేరిన చోటు ఒక గుమ్మం, ఆగిన చోటు ఇంకో గుమ్మం. అక్కడ నేల చదునుగా ఉండాలని ఎక్కడా లేదు. ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగిపోవచ్చు. ఆ ఆగిన చోటే అన్నిటికన్నా ఎత్తు కావచ్చు. వాలుని సున్నా చేసి వెతికేవాడికి ఆ చోటు ఎప్పటికీ దొరకదు. చేత్తో విడిగా కట్టి చూడాల్సిందే.

జిగురు కథ కూడా ఇదే. మొదటి రెండు గంటలు సరుకులు కలిసి వేడెక్కుతుంది. నీళ్ళ గొట్టాలు దాన్ని ఆరో గంటకి తొంభైకి దించుతాయి. ఆ తర్వాత జిగురు చిక్కబడుతుంది. చిక్కబడినది వేడిని గొట్టాలకి వదలదు, తనలోనే దాచుకుంటుంది. ఎనిమిదో గంటకి మళ్ళీ నూట ఇరవై రెండు. సరిగ్గా కొండంత. అందుకే అక్కడ ఆపాలి. ఇంకో అరగంట ఉంచితే నూట నలభై మూడు. ఇంకో గంట ఉంచితే నూట డెబ్భై ఒకటి.

ఎవడో చివరి గుమ్మాన్ని ఒక గంట అవతలికి జరిపాడు. జరిపి, గుమ్మం చూడలేదు.

*

మధ్యాహ్నం తమ్ముడు కళ్ళు తెరిచాడని కబురొచ్చింది.

మొహం మొత్తం కట్లు. కళ్ళు, ముక్కులో గొట్టం, అంతే. నేను మంచం మీదకి వంగాను.

“ఒరేయ్, నేనురా. మాట్లాడకు. కార్డు మీద తొమ్మిది ఉంది, నాకు తెలుసు. నువ్వు నిద్రపోలేదు, అదీ తెలుసు. ఆ కార్డు నీకెవరిచ్చారు? ఒక్కొక్కరి పేరే చెప్తా. కాదంటే ఊరుకో, అవునంటే కళ్ళు మూసుకో. సరేనా?”

వాడి కళ్ళు నా మీద నిలిచాయి. మెల్లగా నా భుజం మీదుగా వెనక్కి వెళ్ళాయి. అక్కడే ఆగిపోయాయి. చాలాసేపు. తర్వాత నీళ్ళు కారాయి.

వెనక్కి తిరిగాను. మా ఆయన తలుపు దగ్గర నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“వాణ్ణి శ్రమ పెట్టకు,” అన్నాడు. “బతకనీ ముందు.”

మళ్ళీ మంచం వైపు చూసేసరికి వాడు కళ్ళు మూసుకున్నాడు. అలసిపోయాడు పాపం, అనుకున్నాను. దేవుడు నాకు కళ్ళిచ్చి ఏం లాభం!

వరండాలోకొచ్చాక ఆయనతో అన్నాను. “ఎవరికీ చెప్పని మాట ఒకటుందండీ. కార్డు వెనక నా లెక్క ఉందని కూడా అన్నాడు వాడు.”

ఆయన మొహంలో రంగు పోయింది. “ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?”

“లేదు.”

“అనకు. నీ మెడకే చుట్టుకుంటుంది. ఫ్యాక్టరీలో ఆ లెక్కలు కట్టేది నువ్వొక్కదానివే.”

“నేను కట్టలేదండీ!”

“నాకు తెలుసు. వాళ్ళకి తెలియాలి కదా?” గొంతు తగ్గించాడు. “అయినా తొమ్మిది పెడితే మాత్రం ఏమైపోతుందట? కొండ రెండో గంటలోనే కదా. అది ఎక్కడికీ పోదు. నీళ్ళ పంపేదో ఆగి ఉంటుంది. లెక్కని ఎందుకు పట్టుకు వేలాడతావు?”

ఆ మాట నా చెవిలో పడింది. బుర్రలో పడలేదు. లోపల నర్సు ఎవర్నో కేకేస్తోంది, నేను అటు పరిగెత్తాను.

మూడో రోజు పొద్దున ఆరింటికి తమ్ముడు పోయాడు. సరిగ్గా షిఫ్టు మారే టైము. అమ్మ పిడికిలి విప్పి వేళ్ళు చూసుకుంది, లెక్క తప్పినట్టు.

*

తమ్ముణ్ణి మట్టి చేసొచ్చిన సాయంత్రం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. వంటింటి బల్ల మీద పొద్దుటి టీ కప్పులు అలాగే ఉన్నాయి. బల్ల కోళ్ళలో ఒకటి పొట్టిది, కింద అట్టముక్క పెట్టాం. ఆ బల్ల దగ్గరే ఆర్నెల్లు ఆయనకి పాఠం చెప్పాను. ప్రమోషన్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే తలెత్తుకోలేనని గోల. తమ్ముడు వచ్చినప్పుడల్లా నవ్వేవాడు.

“బావా, పలకా బలపం కూడా కొన్నారా?”

“నవ్వరా నవ్వు. రేపు నీ నెత్తినెక్కాక చెప్తా.”

“ఇప్పుడు మాత్రం ఎక్కడున్నారు, నా నెత్తిమీదేగా!”

పరీక్ష ప్యాసయ్యాడు. ప్రొడక్షన్ మేనేజరు కుర్చీకి ఆయన పేరు పైకి పంపారని రెండు వారాల క్రితం ఇస్త్రీయే చెప్పాడు. ఇక జిగురు సరిగ్గా కాగక పల్చగా వస్తోందన్న ఫిర్యాదులొక్కటే అడ్డమన్నాడు.

“ఎల్లుండి ఎంక్వైరీ,” అన్నాడు ఆయన కప్పులు తీస్తూ. “ఏమడిగినా ఫైల్లో ఎనిమిదే ఉందని చెప్పు. అది నిజమేగా.”

“వాడు నిద్రపోయాడని రాసేస్తారు.”

“రాసుకోనీ.”

“మీరేనా ఈ మాటంటున్నది?”

“పోయినవాడికి పేరెందుకే? ఉన్నవాళ్ళం బతకాలి.” కప్పులు సింకులో పెట్టి, నీళ్ళు వదిలి, నాకు వీపు చూపిస్తూ చాలాసేపు కడిగాడు. రెండే కప్పులు.

*

ఆఫీసు అద్దాలు పగిలిపోవడంతో ఎంక్వైరీ క్యాంటీన్‌లో పెట్టారు. కిటికీలకి ప్లైవుడ్ ముక్కలు కొట్టారు. మా జిగురుతో అతికిన ప్లైవుడ్డే. నాలుగు బల్లలు కలిపి వరసగా వేశారు. ఒక చివర తనిఖీ అధికారిణి. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలకి దారం కట్టి మెళ్ళో వేసుకుంది, ప్రతి ప్రశ్నకి ముందు తన చేతి గడియారాన్ని బల్ల మీద సరిచేసి పెట్టుకుంటుంది. ఆమెకి కుడివైపు ఇస్త్రీ. ఆ పక్కన మా ఆయన. ఎదురుగా నేను. గోడవారన అమ్మ, రేడియో బాబాయ్ భార్య, మధ్యలో ఖాళీ కుర్చీ.

ఇస్త్రీ ఫైలు చదివి వినిపించాడు. ఎనిమిది గంటల కార్డు. సంతకం సరైనది. ఆపరేటర్ నిర్లక్ష్యం.

“షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఏమంటారు?” అంది అధికారిణి.

మా ఆయన లేచాడు. “వాడు నా బావమరిది మేడం. చెప్పడానికి నోరు రావట్లేదు. కానీ... ఫైల్లో ఉన్నదే నిజం.”

గోడ దగ్గర అమ్మ తలెత్తింది. అల్లుణ్ణి చూసింది. మళ్ళీ తల దించుకుంది.

“సరే. అయితే ఇదేంటో ఎవరైనా చెప్పాలి,” అంటూ అధికారిణి సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. “మూడో నంబరు దగ్గర ఇంటర్‌కమ్ పెట్టె వెనకాల దొరికింది. ఉక్కు క్లిప్పు కింద ఉండడంతో సగం మిగిలింది.”

కాలి ముడుచుకుపోయిన కార్డు. ముందువైపు గంటలు రాసే గడి లేదు, బూడిదైంది. వెనకవైపు కింద సగం మిగిలింది. పసుపుపచ్చగా మారిన అట్ట మీద పెన్సిలు రాత.

“ఫైల్లో కార్డు ఉండగా అక్కడ ఇంకో కార్డెందుకుంది?”

“ఆపరేటర్ పిచ్చిగీతలు,” అన్నాడు ఇస్త్రీ. “కాలక్షేపానికి.”

అధికారిణి కవరు నా ముందుకి జరిపింది. “లెక్కలు మీవి కదా. చూసి చెప్పండి.”

చూశాను.

రెండు. మైనస్ పన్నెండు. దాని పైన చిన్న టోపీ.

ఆరు. ప్లస్ పన్నెండు. దాని కింద చిన్న గిన్నె.

గరిష్ఠం నూట ఇరవై రెండు. నూట నలభై కంటే తక్కువ. ఓకే.

ఆ ‘ఓకే’ కింద రెండు గీతలు. పరీక్షలో జవాబు కింద గీసినట్టు.

వరండాలో నా చెవిలో పడిన మాట అప్పుడు బుర్రలో పడింది. కొండ రెండో గంటలోనే కదా. అది ఎక్కడికీ పోదు. మంచం మీద నా భుజం మీదుగా వెనక్కి వెళ్ళిన కళ్ళు, కారిన నీళ్ళు, మూసుకున్న రెప్పలు. నేను పేర్లు మొదలుపెట్టకముందే తమ్ముడు జవాబు చెప్పేశాడు.

నీళ్ళ గ్లాసందుకున్నాను. ఎదురుగా మా ఆయన నన్నే చూస్తున్నాడు. కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపాడు.

“ఏమ్మా?” అంది అధికారిణి.

“ఇది పిచ్చిగీతలు కాదు మేడం. మూడో నంబరు లెక్క. వేడి ఎంత పైకి పోతుందో కట్టారు.”

“మీ తమ్ముడా?”

రేడియో బాబాయ్ భార్య గోడ దగ్గర్నించి కసిగా, “ఇంకెవరు!” అంది.

“మా తమ్ముడు లెక్కల పీరియడంటే గోడ దూకి పారిపోయేవాడు పిన్నీ. వాడికి కూడికలు కూడా నేనే చేసిపెట్టేదాన్ని. వాడికి తెలిసింది ఒకటే, కార్డు వెనక లెక్క ఉంటే పని చెయ్యాలి, లేకపోతే చెయ్యకూడదు.” అధికారిణి వైపు తిరిగాను. “ఎనిమిది గంటలకి నేను కట్టిన లెక్క ఫైల్లో ఉండనే ఉంది. దాన్ని మళ్ళీ ఎవరైనా ఎందుకు కడతారు? గంటలు మార్చేవాడే కడతాడు. కార్డు వెనక ఖాళీగా ఉంటే ఆపరేటర్ తీసుకోడు కనక కడతాడు. ఈ కార్డు ముందువైపు ఎనిమిది లేదు మేడం. తొమ్మిదుంది.”

ఆమె గడియారం సరిచేసుకోవడం మర్చిపోయింది. “అయితే ఈ లెక్క తప్పా?”

“ఇక్కడున్న ప్రతి అంకె ఒప్పే. చెయ్యాల్సింది చెయ్యలేదు, అంతే. కొండ చూశారు, గుంట చూశారు. చివర ఆగేచోట ఎంత ఉంటుందో చూడలేదు. తొమ్మిది పెట్టి కట్టి ఉంటే నూట డెబ్భై ఒకటి వచ్చేది. రెండు లైన్ల పని.”

“నాకో సందేహం,” అన్నాడు ఇస్త్రీ. మెల్లగా, చొక్కా చెయ్యి సవరించుకుంటూ. “ఈ ఫ్యాక్టరీలో ఇలాంటి లెక్క కట్టగలిగేది ఎవరు?”

కాలిన కార్డు మీద వేలు పెట్టాడు.

“ఈ టోపీలూ గిన్నెలూ ఎవరు గీస్తారు? లెక్కల గదిలో ఎవర్నడిగినా చెప్తారు మేడం. ఈవిడ పాత కార్డులు తెప్పించండి.”

తెప్పించారు. పది కార్డులు వరసగా పరిచారు. పదింటి మీదా నా టోపీలు, నా గిన్నెలు. అధికారిణి కళ్ళద్దాలు పెట్టుకుని కాలిన కార్డుని వాటి పక్కన పెట్టింది. ఒకటే అచ్చు.

“ఇప్పుడేమంటారు?” అంది. గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు.

మా ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి వాటిని చూసుకుంటున్నాడు. ఆయన నోరు విప్పడానికి అది ఆఖరి అవకాశం. నేను ఎదురుచూశాను. నిజంగా ఎదురుచూశాను. ఆయన చూపుడు వేలు గోటి కింద పెన్సిలు మరక ఉన్నట్టు బొటనవేలితో రుద్దుకుంటున్నాడు.

నేరం నా మీదకి తిరిగినా ఆయన నోరు విప్పలేదు.

“నా పది కార్డుల్లోనూ చివరి రెండు లైన్లు చూడండి మేడం,” అన్నాను. “మొదటి గుమ్మం ఇంత, చివరి గుమ్మం ఇంత. పదేళ్ళుగా ఆ రెండు లైన్లు లేకుండా నేను సంతకం పెట్టలేదు. ఇప్పుడు కాలిన కార్డు చూడండి. ‘ఓకే’ కింద చోటుంది, కాలలేదు. గుమ్మాలు లేవు.”

ఆమె ఒక్కొక్క కార్డూ వేలితో తడుముకుంటూ చూసింది. పదో కార్డు దాకా వెళ్ళి, కాలిన దాని మీద ఆగింది.

“అంటే?”

“అంటే ఇది కట్టినవాళ్ళు నా దగ్గరే నేర్చుకున్నారు. కానీ పూర్తిగా నేర్చుకోలేదు. పరీక్షలో టోపీ, గిన్నె వరకే అడుగుతారు. గుమ్మాలు పరీక్షయ్యాక చెప్తానన్నాను. పరీక్షయ్యాక ఆయన మళ్ళీ పుస్తకం తెరవలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు. ఆ తప్పు నాది, రాసుకోండి. కార్డు వెనక టోపీ కనపడగానే అక్క లెక్కేననుకుని మా తమ్ముడు తొమ్మిదో గంట కోసం కాపలా కాశాడు. వాడు నిద్రపోలేదు. నన్ను నమ్మాడు.”

గోడ దగ్గర అమ్మ లేచి నిలబడింది. రేడియో బాబాయ్ భార్య అమ్మ చెయ్యి పట్టుకుంది, ఎందుకో.

“ముందు తీసేసిన నా ఎనిమిది గంటల కార్డుని పేలుడు తర్వాత మళ్ళీ ఫైల్లో పెట్టింది కూడా ఆయనే అయ్యుండాలి. ఫైళ్ళ తాళం ఇద్దరి దగ్గరే ఉంటుంది. ఒకటి జనరల్ మేనేజరు గారి దగ్గర.”

ఇస్త్రీ కుర్చీ ఒక జానెడు పక్కకి జరిపాడు, మా ఆయనకి దూరంగా.

“ఏయ్,” అన్నాడు మా ఆయన. గట్టిగా కాదు. వంటింట్లోంచి పిలిచినట్టు. “వద్దు.”

అధికారిణి కలం తీసింది. “ఎవరికి నేర్పారమ్మా? ఒక్కరికేనా?”

“ఒక్కరికే.”

“పేరు?”

నేను బల్ల మీదుగా చెయ్యి చాపాను. వేలు వణకలేదు.

“మా ఆయన,” అన్నాను. “తొమ్మిది గంటల కార్డు రాసి మా తమ్ముడి చేతిలో పెట్టింది మా ఆయన.”